డూపు గౌను

ఆ ఏడు డిసెంబరులో మా చెల్లెలు ఆర్లిస్ గిన్నెలు తోముతూ కూనిరాగాలు తీయడం మొదలుపెట్టింది. అందులో వింతేముంది అంటారేమో. మా ఇంట్లో వింతే. గిన్నెల దగ్గర మేం అక్కాచెల్లెళ్ళం మాట్లాడుకునేది ఎప్పుడూ ఒకటే, మా గౌను సంగతి. దాని బొచ్చు అంచుకు చిమ్మెటలు పట్టకుండా ఏం చెయ్యాలి, ఈసారి పండక్కి క్లబ్బువాళ్ళు వచ్చినప్పుడు కిటికీ దగ్గర నిలబెడదామా, గోడ దగ్గరా. అలాంటిది ఆర్లిస్ గౌను మాట మానేసి పాట ఎత్తుకుంది. ఆ పాటైనా మా సినిమాలోది కాదు. అది విన్నాక నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే అదే పాటను రెండు రోజుల ముందు పియానోలు శ్రుతి చేసే రాస్కో లిండ్‌గ్రెన్ మా వాకిట్లో బూట్లు దులుపుకుంటూ ఈల వేశాడు.

మా సినిమా అంటే బర్‌బ్యాంక్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. క్రిస్మస్ ముందురోజు రైలు మంచులో చిక్కుకుపోతుంది, అందరూ ఒక చిన్న స్టేషన్లో దిగిపోతారు, ఆపైన పాటలే పాటలు. ఏటా డిసెంబరులో టీవీలో వేస్తారు, ఏటా జనం ఏడుస్తారు. చివర్లో హీరోయిన్ మార్వా డిలేన్ ఆకుపచ్చ వెల్వెట్ గౌనులో, హీరో బూడిదరంగు సూటులో, ప్లాట్‌ఫారం మీద మంచు కురుస్తుంటే నాట్యం చేస్తారు. ఆ ఆకుపచ్చ గౌను మా ఇంట్లో ఉంది. నకలు కాదు, అసలుది. స్టూడియో మూసేసి దుస్తుల కొట్టు ఖాళీ చేస్తున్నారని తెలిసి నేనూ ఆర్లిసూ కోడి కూయకముందే వెళ్ళి వరుసలో నిలబడ్డాం. వచ్చేటప్పుడు నేనొక భుజం, ఆర్లిస్ ఒక భుజం పట్టుకుని నడిపించుకొచ్చాం. అప్పట్నించీ మా ముందుగది దానిదే. పగలు పరదాలు మూసి ఉంచేవాళ్ళం, మేం వంటింట్లోనే కూర్చునేవాళ్ళం.

నేను మందుల షాపులో పనిచేసేదాన్ని, ఆర్లిస్ స్కూలు ఆఫీసులో. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. కాలేదని బెంగపడే వయసు కూడా దాటిపోయింది, లేదా దాటిందని నేననుకున్నాను.

మా పండగ సినిమాల దుస్తుల క్లబ్బులో ఒకరి దగ్గర చేతి తొడుగులుంటే మరొకరి దగ్గర టోపీ ఉంటుంది. ఒకరిదగ్గరున్నది చూసి మిగతావాళ్ళం పైకి ఆహా అంటాం, లోపల ఉడికిపోతాం. క్లబ్బంటే అదే. కానీ అందరం కళ్ళు కాయలు కాచేలా వెతికింది మాత్రం ఆ బూడిదరంగు సూటు కోసం. అది ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. అది దొరికితే మా గౌను పక్కన నిలబెట్టాలని నేను ఎన్ని ఊహలు అల్లుకున్నానో చెప్పలేను. బట్టలు తొడిగే బొమ్మను కూడా ఒకటి తెచ్చి ఉంచాను, మగ కొలతలది. ఏళ్ళుగా అది గౌను పక్కన బరిబత్తలగా నిలబడి ఉండేది.

సూటు నవంబరులో హార్టెన్స్ ఇంట్లో బయటపడింది. హార్టెన్స్ మా క్లబ్బుకు పెద్ద దిక్కు, నోరు కూడా పెద్దదే. ఆమె పియానో శ్రుతి చెయ్యడానికి వచ్చిన పక్కూరు గ్లెండేల్ మనిషి గోడ మీది సినిమా బొమ్మ చూసి, "ఆ కోటు మా ఇంట్లో ఉందండీ" అన్నాడట. పోయి పట్టుకురమ్మని ఆమె తరిమింది. మేమంతా కేకు తింటుండగా పొడుగ్గా, కాస్త వంగి నడిచే మనిషి ఒకడు భుజాన సంచి వేసుకుని వచ్చాడు.

"మీరంతా వెతుకుతున్నది ఇదేనా?" అన్నాడు.

సోఫా మీద పరిచాడు. అదే సూటు. సన్నటి చారలు, నల్ల బొత్తాలు, మఫ్లరు. గదిలో ఎవరికీ ఊపిరాడలేదు.

"మా నాన్న ఆ స్టూడియోలో పియానోలు చూసేవాడు" అన్నాడు రాస్కో. "ఎప్పుడో పాతవి వదిలించుకుంటూ ఇచ్చారు. చలికాలంలో తొడుక్కునేవాడు కూడాను."

"తొడుక్కునేవాడా!" అని హార్టెన్స్ గుండె మీద చెయ్యి వేసుకుంది.

మా క్లబ్బులో అసలు దుస్తులు తొడుక్కోవడమంటే చర్చిలో చుట్ట ముట్టించడమే. ముట్టుకోవాలంటేనే తెల్ల తొడుగులు వేసుకుంటాం. నేను తొడుగులు వేసుకుని దగ్గరికెళ్ళాను. ఏదో ఒక లోపం దొరక్కపోతే నాకు ఆ పూట కేకు అరగదు. దొరికింది.

"మఫ్లరు అసలుది కాదు" అన్నాను.

"అసలుదేనండీ."

"కాదు. చూడండి, ఎంత తెల్లగా ఉందో. అప్పట్లో రంగుల సినిమాకి అచ్చ తెలుపు వాడేవాళ్ళు కాదు, కెమెరాలో కళ్ళు మిరుమిట్లు గొలిపేది. తెల్లబట్టనల్లా టీలో ముంచి కాస్త మాపేవాళ్ళు. ఇది పాలలా మెరుస్తోంది."

అతను మఫ్లరు చేతిలోకి తీసుకుని చూశాడు. తొడుగుల్లేని చేతులతో.

"మా అమ్మ ఉతికిందండీ" అన్నాడు. "మరక పట్టిందనుకుని బ్లీచు వేసి నానబెట్టింది. రెండుసార్లు. పాపం, మరక వదిలిందని ఎంత సంబరపడిందో."

అందరూ అయ్యో అన్నారు. ఆర్లిస్ మాత్రం నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. దాన్ని చూసి అతనూ నవ్వాడు. ఇందులో నవ్వేందుకు ఏముందో నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చే దారంతా నేను సూటు గురించి మాట్లాడాను, అది ఊ కొట్టింది.

ఆ తర్వాత అతను మా ఇంటికి రావడం మొదలైంది. మొదటిసారి గౌను చూస్తానని వచ్చాడు. రెండోసారి తమాలెలు తెచ్చాడు, పక్కింటి మెక్సికన్ ఆవిడ పండక్కి చేసిన మొక్కజొన్న పిండి కుడుములట, చుట్టిన ఆకులతో సహా ఇంకా వేడిగా ఉన్నాయి. మూడోసారి వాళ్ళ పెరటి పెర్సిమన్ పళ్ళు. నాలుగోసారికి నెపం కూడా లేదు, చేతులూపుకుంటూ వచ్చాడు. మొదట్లో మా చెల్లెల్ని "మిస్ హాస్కెట్" అనేవాడు. ఎప్పుడు "ఆర్లిస్" అయిందో నేను పట్టుకోలేకపోయాను. నేను మాత్రం లియోటా గారినే.

నేను అతన్ని ముందుగదిలో గౌనుకెదురుగా కూర్చోబెట్టేదాన్ని. అతని కళ్ళు గౌను మీద ఉన్నాయా లేదా అని కాపలా కాసేదాన్ని. ఉన్నాయంటే, దాని మీద కన్నేశాడని మండిపోయేదాన్ని. లేవంటే, ఎటు చూస్తున్నాడా అని చూసేదాన్ని. వంటింటి వైపు చూసేవాడు. అక్కడ ఆర్లిస్ కాఫీ కలుపుతుండేది. కప్పులు మా అమ్మవి, బంగారు అంచువి, బిషప్ వచ్చినా తియ్యనివి.

ఒకరోజు అతను వెళ్ళాక ఇక ఆగలేకపోయాను.

"నీకు కళ్ళు మూసుకుపోయాయి" అన్నాను. "అతని దగ్గర సూటుంది, మన దగ్గర గౌనుంది. రెండూ కలిస్తే ఈ కాలిఫోర్నియాలో అంత జత ఇంకెవరి దగ్గరా ఉండదు. అతనికి కావలసింది గౌను. నువ్వు కాదు."

ఆర్లిస్ కప్పు తుడుస్తూ, "అలాగా?" అంది.

"అలాగే. నిన్ను చేసుకుంటే సగం గౌను వాడిదవుతుంది. ఆ తర్వాత ముందుగది ఖాళీ."

"పోనీ అతనికి గౌనే కావాలనుకుందాం. మరి నువ్వెందుకక్కా నెల్లాళ్ళుగా అన్నం సరిగా తినట్లేదు? గౌను పోతుందనా, నేను పోతాననా?"

"మాటలు నేర్చావే."

"చెప్పు మరి. కుళ్ళు ఎవరి మీద? అతని సూటు మీదా, నా మీదా?"

వాకిట్లోకొచ్చి నిలబడ్డాను. కొండల మీంచి వేడిగాలి వీస్తోంది, వీధిలో తాటిచెట్లకు చుట్టిన పండగ దీపాలు గాలికి తెగిపడి ఊగుతున్నాయి. ఎదురింటివాళ్ళ ప్లాస్టిక్ మంచుమనిషి బోర్లాపడి ఉన్నాడు. ఆర్లిస్‌కేం తెలుసు, కుళ్ళు ఒక్కరి మీదే ఉండాలని ఎక్కడుంది అనుకున్నాను. సూటు ఉన్నందుకు అతని మీద కుళ్ళు, అతను ఉన్నందుకు ఆర్లిస్ మీద కుళ్ళు, ఆర్లిస్ ఉన్నందుకు మళ్ళీ అతని మీద కుళ్ళు.

అతన్ని వదిలించుకునే ఆయుధం ఒకటి నా దగ్గరుంది. వాడితే నా ముక్కు కూడా తెగుతుంది, అందుకే దాచి ఉంచాను.

సినిమా దుస్తులకు లోపల, మెడ దగ్గర, పేరు పట్టీ కుట్టి ఉంటుంది. అంగుళం వెడల్పు తెల్లగుడ్డ, దాని మీద ఇంకుతో ఎవరి కోసం కుట్టారో వాళ్ళ పేరు. మా క్లబ్బులో దుస్తుల విలువంతా ఆ పట్టీలోనే ఉంది. గౌను ఇంటికి తెచ్చిన రోజే నేనూ ఆర్లిసూ మెడ తిప్పి చూశాం. మార్వా డిలేన్ పేరు లేదు. "సోవా, డూపు" అని ఉంది. మార్వా డిలేన్‌కు పాడటం వచ్చు, నవ్వడం వచ్చు, నాట్యం అంతంతమాత్రం. దూరం నుంచి తీసిన నాట్యమంతా సోవా అనే డూపు చేసింది. గౌనులు రెండు కుట్టారు, ఒకటి మొహం చూపించేందుకు, ఒకటి కాళ్ళు కదిపేందుకు. మాకు దొరికింది కాళ్ళది. ఆ పూటే నేను పట్టీ మీద ఆకుపచ్చ రిబ్బను కుట్టేశాను. ఎవరికీ చెప్పొద్దని ఆర్లిస్ చేత ఒట్టు వేయించుకున్నాను. క్లబ్బులో అందరికీ అది మార్వా డిలేన్ గౌను. రిబ్బను కింద ఏముందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

డిసెంబరు మధ్యలో ఒక ఆదివారం ఆర్లిస్ చర్చిలో పాటల సాధనకు వెళ్ళింది. రాస్కో సూటు తెచ్చాడు, మా ఇంటి పండగ ప్రదర్శనకు గౌను పక్కన పెట్టేందుకు. నా బరిబత్తల బొమ్మకు అతనే కోటు తొడిగాడు. గౌను పక్కన సూటు నిలబడింది. ఎన్నేళ్ళుగా కోరుకున్నదీ నా కళ్ళముందు ఉంటే, నాకు ఆ మనిషిని బయటికి గెంటాలని తప్ప మరో ఆలోచన లేదు.

"మీకొక సంగతి చెప్పాలి" అన్నాను.

"చెప్పండి, లియోటా గారూ."

కత్తెర తెచ్చి గౌను మెడ తిప్పి రిబ్బను కుట్టు విప్పాను. రిబ్బను తొలగించి పట్టీ చూపించాను.

"చదవండి. ఇది మార్వా డిలేన్‌ది కాదు. డూపుది. దీని కోసం ఎవరూ ఎవరినీ పెళ్ళాడక్కర్లేదు."

అతను కళ్ళజోడు పైకి లాక్కుని వంగి చదివాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. గెలిచాననుకున్నాను. ఇంక సంచి సర్దుకుని వెళ్ళిపోతాడు, ఆర్లిస్ ఒక వారం ఏడుస్తుంది, తర్వాత మళ్ళీ గిన్నెల దగ్గర గౌను కబుర్లే అనుకున్నాను.

అతను సూటు దగ్గరికెళ్ళి కోటు మెడ వెనక్కి తిప్పాడు.

"మీరూ చదవండి" అన్నాడు.

"బ్రాంట్, డూపు" అని ఉంది.

"మా నాన్న చెప్పలేదు, నేనే పెద్దయ్యాక చూశాను" అన్నాడు. "హార్టెన్స్ గారింట్లో అంతమంది ఆహా అంటుంటే నోరు పెగల్లేదు. ఎప్పుడు ఎవరు మెడ తిప్పి చూస్తారా అని నెలరోజులుగా నిద్రపట్టట్లేదు. అందులోనూ మీరు. మఫ్లరు చూసిన కళ్ళతో మెడ చూడకుండా ఎలా వదిలేశారో!"

అవును, ఎలా వదిలేశానో. ఆ రోజు మఫ్లరు దగ్గరే ఆగిపోయాను. మా గౌను మెడ దాచిపెట్టుకున్నదాన్ని, ఇంకొకరి మెడ జోలికి పోవడం భయం. ఆ ఒక్క భయం లేకపోతే ఈ మనిషిని నవంబరులోనే సాగనంపేదాన్ని.

అతను మోకాళ్ళ మీద కూర్చుని బొమ్మకు తొడిగిన సూటు ప్యాంటు కింది మడత విప్పాడు. వేలితో లోపల గీకి అరచేతిలో ఏదో రాల్చాడు. తెల్లటి పెంకులు, గోరంతవి.

"మీ గౌను అంచులో ఇవి ఉన్నాయా?"

ఉన్నాయి. బొచ్చు కింద, కుట్టుమడతలో. ఆర్లిసూ నేనూ వాటిని దులపకుండా అలాగే ఉంచాం. ఆ రోజుల్లో సినిమా మంచంటే కార్న్‌ఫ్లేక్సుకు తెల్లరంగు వేసి పైనుంచి చల్లడమే. కాళ్ళ కింద అవి కరకరలాడుతుంటే మాటలు వినబడక, శబ్దం విడిగా పెట్టుకునేవాళ్ళు.

"అర్థమైందా, లియోటా గారూ?" అన్నాడు. గొంతు మారిపోయింది. "పెద్ద స్టార్లిద్దరూ ఆ మంచులో కాలు పెట్టలేదు. పరదా ముందు నిలబడి నవ్వి వెళ్ళిపోయారు. జనం ఏటా చూసి ఏడ్చే ఆ నాట్యం, ఈ రెండూ చేశాయి. ఇదే చెయ్యి దీని నడుం మీద ఉంది. అసలు జత ఇదే!"

నేను ఊడదీసిన రిబ్బను వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను.

"ఆర్లిస్‌కు ఈ పట్టీ సంగతి తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"అయినా నాతో అనలేదే!"

"నేను వద్దన్నాను. ఒట్టు వేయించుకున్నాను."

"ఒట్టు వేస్తే ఒట్టే అన్నమాట" అని నవ్వుకున్నాడు. నా ఆయుధం తీసుకుని మా చెల్లెలికి నగలా పెట్టాడు. అతని కళ్ళలో ఆర్లిస్ విలువ ఇంకో మెట్టు పెరిగింది, పెంచింది నేనే.

క్రిస్మస్ ముందు శనివారం మా షాపులో మధ్యాహ్నమే కట్టేశారు. నేను చెప్పిన సమయం కంటే ముందే ఇల్లు చేరాను. మా ముందుగది పరదాలు తీసి ఉన్నాయి. పగటిపూట ఆ పరదాలు తీయడం నేనెరగను. లోపల రికార్డు తిరుగుతోంది. ఇప్పుడు మాత్రం మా సినిమాలో పాటే.

కిటికీ పక్కన మందారం పొద ఉంది. నేను తాళంచెవి చేతిలో పట్టుకుని పొద దగ్గర ఆగాను.

ఒక బొమ్మ ఖాళీగా ఉంది. రెండో బొమ్మ కూడా ఖాళీగా ఉంది. గది మధ్యలో ఆర్లిస్ ఆకుపచ్చ గౌనులో ఉంది, రాస్కో బూడిదరంగు కోటులో. బల్లలు గోడకు జరిపేశారు. అతనికి నాట్యం రాదు, కాళ్ళు చూసుకుంటూ తిరుగుతున్నాడు. దానికీ రాదు. కానీ గౌను దానికి సరిపోయింది. ఏళ్ళుగా నేను తుడిచి, దులిపి, ఎండ తగలకుండా కాచిన గౌను మా చెల్లెలి ఒంటికి కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. అది నాకు ఎప్పుడూ తట్టలేదు.

చిరగాలి అనుకున్నాను. పాత వెల్వెట్, పాత దారం, చెయ్యెత్తితే చంక కింద పర్రున చిరగాలి. అది చెయ్యెత్తింది. అతని భుజం మీద వేసింది. చిరగలేదు. డూపు గౌను కదా, చేతులు పైకి లేచేలా చంక కింద అదనంగా ఒక ముక్క వేసి కుట్టారు. ఆ ముక్క ఉందని నాకు తెలుసు. ఎందుకుందో కూడా తెలుసు. అది విచ్చుకోవడం మాత్రం ఆ రోజే చూశాను. ఆర్లిస్ తిరుగుతుంటే గౌను అంచులోంచి తెల్లటివి ఒకటీ అరా తివాచీ మీద రాలాయి.

మా చెల్లెలి మొహం నాకు కనబడుతోంది. చిన్నప్పుడు ఉయ్యాల మీద నేను ఊపితే దాని మొహం అలా ఉండేది. ఆ తర్వాత నేను చూడలేదు. అలాంటి మొహం దానికి ఇంకా ఉందని కూడా నాకు తెలీదు. నాకు ఏడుపు రాలేదు.

తలుపు తియ్యలేదు. వెనక్కి నడిచి, వీధి మూల బస్సుస్టాపు బల్ల మీద కూర్చుని, నేను చెప్పిన సమయానికి మళ్ళీ ఇంటికొచ్చాను. గౌను బొమ్మకుంది, సూటు బొమ్మకుంది, పరదాలు మూసి ఉన్నాయి. ఆర్లిస్ తివాచీ ఊడవడానికి వాక్యూమ్ క్లీనరు బయటికి తీస్తోంది.

"నువ్వెళ్ళు, నేను ఊడుస్తాను" అన్నాను.

అది వంటింట్లోకి వెళ్ళింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, వేలు తడిచేసుకుని, ఆ తెల్లటి పెంకులు ఒక్కొక్కటే ఏరి గౌను అంచులో మళ్ళీ పెట్టేశాను.

పండగ ప్రదర్శన రోజు క్లబ్బంతా మా ముందుగదిలో నిండిపోయింది. ఫడ్జీ మిఠాయి తింటూ, పళ్ళరసం తాగుతూ, గౌనునూ సూటునూ చూసి ఉడికిపోతున్నారు. ఆర్లిస్ ముందుకొచ్చి, అందరి ముందూ, గౌను మెడ తిప్పింది.

"ఇది డూపుది" అంది. "మా అక్క చెప్పమంది."

నేను చెప్పమనలేదు. అది నాకు ఇచ్చిన గౌరవం అని తర్వాత అర్థమైంది, అప్పుడు మాత్రం నేల చీలితే బాగుండుననిపించింది. హార్టెన్స్ చేతిలో ఫడ్జీ ముక్క గాల్లోనే ఆగిపోయింది. ఆపైన రాస్కో తన కోటు మెడ తిప్పి, ప్యాంటు మడత విప్పి, మంచు చూపించి, నాట్యం చేసిన జత ఇదేనని చెప్పాడు. అందరూ ఒకరినొకరు తోసుకుంటూ ఆ గోరంత పెంకులు చూడటానికి వంగారు. హార్టెన్స్ కళ్ళు తుడుచుకుంది.

"మొహాలవి దొరుకుతాయే లియోటా, ఎక్కడైనా" అంది నా చెయ్యి పట్టుకుని. "కాళ్ళవి దొరకవు. నీ అదృష్టం చూస్తే నాకు కడుపు రగిలిపోతోంది."

ఆ సందట్లోనే రాస్కో ఆర్లిస్ చెయ్యి పట్టుకుని జనవరిలో పెళ్ళన్నాడు.

నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. అందరూ వెళ్ళాక చెల్లెలిని వంటింట్లో నిలబెట్టి అడిగాను. సగం గౌను దానిది. పోట్లాటకు మాటలు వరసగా పేర్చుకుని పెట్టుకున్నాను.

"గౌను సంగతేంటి?"

"నువ్వే ఉంచుకో" అంది.

"నీకొద్దూ?"

"నేను తొడుక్కున్నాగా."

అది బంగారు అంచు కప్పు తుడిచి బోర్లించింది.

"నువ్వు చూశావని తెలుసక్కా. మందారం పొద మీంచి నీ టోపీ కనబడింది."

"చూసి కూడా ఆపలేదేం?"

"పాట అవలేదుగా" అంది.

పెళ్ళయ్యాక వాళ్ళు గ్లెండేల్ వెళ్ళేరోజు నేను సూటు మడిచి సంచిలో పెట్టబోతే రాస్కో నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇక్కడే ఉండనివ్వండి. ఇన్నేళ్ళకు కలిశాయి, విడదీయడానికి మనసొప్పట్లేదు" అన్నాడు.

అతనికి గౌను కావాలని, దానికోసమే ఆర్లిస్‌ను చేసుకుంటున్నాడని నెలరోజులు మొత్తుకున్నదాన్ని నేను. గౌను వద్దని, సూటు కూడా నాకే వదిలేసి, ఆర్లిస్ ఒక్కదాన్నే తీసుకుపోయాడు. నా దగ్గర ఉన్నదాంట్లో ఏది తీసుకోవాలో అతనికి బాగా తెలుసు.

మొదటివారం నేను చేసిన పనల్లా మఫ్లరు పని. టీ కాచి, చల్లార్చి, ముంచి, నీడన ఆరేశాను. రంగు సరిగ్గా దిగింది. అలా సరిగ్గా దిగిందని చెప్పుకోవడానికి వంటింటి వైపు తిరిగితే అక్కడ ఎవరూ లేరు. గిన్నెలు రెండే ఉన్నాయి, ఒక పళ్ళెం, ఒక కప్పు.

ఇప్పుడు కాలిఫోర్నియాలో అంత జత ఇంకెవరి దగ్గరా లేదు. ఏటా డిసెంబరులో ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు, కుళ్ళుకుంటూ పోతారు. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, "అదేంటండీ, ఆ రెండు బొమ్మల్నీ వీపులు కలిపి నిలబెట్టారు, ఎదురెదురుగా పెట్టొచ్చుగా" అని. ముందువైపు కుట్టుపని కనబడాలి కదా అంటాను. ఆర్లిస్ వచ్చినప్పుడల్లా కాఫీ కూడా తాగకుండా ముందు ఆ గదిలోకే వెళ్ళి, బొమ్మల్ని ఎదురెదురుగా తిప్పి, మఫ్లరు సర్ది, సూటు చేతిని గౌను నడుం మీద పెడుతుంది. నేను ఏమీ అనను. దాని కారు మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి చెయ్యూపి, లోపలికొచ్చి, ఆ చెయ్యి తీసేసి, రెండింటినీ మళ్ళీ వీపులు కలిపి పెట్టేస్తాను.